“చేస్తాను” అన్న మాటలన్నీ రాసిపెట్టుకున్నాక

మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం మా అక్క ఫోన్ చేసింది. తాను వేయాలనుకున్న ఉద్యోగ దరఖాస్తుకు గడువు ఇంకో గంటలో ముగుస్తుందని, దానితో పాటు పంపవలసిన లేఖను నేను చదవడం అయిందో లేదో కనుక్కుందామని చేశానని చెప్పింది. ఆ లేఖలోని తప్పులు దిద్ది పంపుతానని పది రోజుల ముందు నేనే ఆమెకు మాట ఇచ్చాను. ఆ మర్నాటి నుంచి ఆ సంగతి నా తలలోనే లేదు. నేను నీళ్లు నమలడం విని ఆమె కాసేపు ఆగి, “నువ్వు చూస్తానన్నావు కదా అని ఇంకెవరినీ అడగలేదురా” అంది. దిద్దని లేఖనే పంపింది. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. అందుకు లేఖే కారణమని చెప్పలేను, కాదని చెప్పుకుని ఊరట పొందనూ లేను.

మరచిపోయినందుకు సిగ్గుపడ్డాను కానీ, అంతకంటే ఎక్కువగా నన్ను కలతపెట్టిన విషయం మరొకటి ఉంది. ఆ రోజుల్లో నాకు క్రమశిక్షణ గల మనిషినని నలుగురిలో పేరు ఉండేది. ఉదయం లేచే వేళ, చదువుకు కేటాయించిన అరగంట, నడక, ఆఫీసులో ఏ పని ఏ రోజుకు పూర్తి కావాలో చూపే పట్టిక, అన్నిటికీ లెక్క ఉండేది. అక్కకు ఇచ్చిన మాట మాత్రం ఆ లెక్కల్లోకి ఎక్కలేదు, ఎందుకంటే అది నా దృష్టిలో పని కాదు, అయినవాళ్ల మధ్య దొర్లే మాటల్లో ఒకటి. జీతం ఇచ్చేవాళ్లకు ఇచ్చిన మాట కాగితం మీద ఉండేది, నా మంచి కోరేవాళ్లకు ఇచ్చిన మాట గాలిలో ఉండేది. అలవాట్ల గురించి ఆ తరువాత నేను తెలుసుకున్నదంతా ఈ వ్యత్యాసాన్ని సరిచేసుకునే ప్రయత్నంలో తెలుసుకున్నదే.

ముందుగా చేసిన పని చాలా చిన్నది. జేబులో పట్టే నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని, వారం రోజుల పాటు “చేస్తాను”, “చూస్తాను”, “కనుక్కుని చెబుతాను”, “ఒకసారి తీరిగ్గా కలుద్దాం” అని ఎవరితో అన్నా వెంటనే అందులో రాసుకున్నాను. ఆ వారం నా ప్రవర్తనను మార్చుకోవాలనే ఉద్దేశం పెట్టుకోలేదు, లెక్క తేలితే చాలనుకున్నాను. ఏడు రోజుల్లో 31 మాటలు ఇచ్చాను. వాటిలో ఆ వారంలోనే తీర్చవలసినవి 18 ఉండగా, తీర్చినవి 7. ఆ ఏడింటిలో ఆరు ఆఫీసు పనులే. పుస్తకాన్ని తిరిగి చదువుతున్నప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. సగానికి పైగా మాటలు ఆ పని చేద్దామన్న ఆలోచనతో ఇచ్చినవే కావు, ఆ సంభాషణను ముగించడానికి ఇచ్చినవి. ఎదుటివారు ఏదో అడిగి, నా ముఖంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం నాకు మహా బరువుగా ఉంటుంది. “సరే, చేస్తాను” అనేస్తే ఆ బరువు దిగిపోతుంది.

అంటే మరచిపోవడం నా అసలు జబ్బు కాదు, ఆలోచించకుండా మాట ఇవ్వడమే అసలు జబ్బు. మరుపు దాని పర్యవసానం. వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో, పాల్గొన్నవారు తాము ఆ సమయంలో ఏం చేస్తున్నారో, ఏం ఆలోచిస్తున్నారో సుమారు గంటకోసారి రాసుకున్నారు. అలా నమోదైన పనుల్లో దాదాపు 43 శాతం, ఇంచుమించు ప్రతిరోజూ, అవే పరిస్థితుల్లో, తరచుగా మనసు మరెక్కడో ఉండగా చేసినవని తేలింది. నా “చేస్తాను” కూడా ఆ కోవలోదే. ఎదుటివారి మౌనం దాన్ని రేపుతుంది, నోరు దానంతటది పలుకుతుంది, ఇబ్బంది తొలగిపోవడం బహుమానంగా దక్కుతుంది. బహుమానం అప్పటికప్పుడే నాకు అందుతుంది. దాని ఖరీదు పది రోజుల తరువాత, అదీ వేరొకరు చెల్లిస్తారు. ఇంత లాభసాటి అలవాటు ఉపదేశాలకు లొంగుతుందని నేను అనుకోలేదు.

అందుచేత ఇకపై మాట ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకునే బదులు, అదే మౌనానికి మరో స్పందనను జతచేశాను. పీటర్ గోల్‌విట్జర్ అనే పరిశోధకుడు ఎంతో కాలంగా చెబుతున్న పద్ధతి ఒకటుంది. “ఇకపై క్రమంగా ఉంటాను” అని సంకల్పించుకోకుండా, “ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తాను” అని సందర్భాన్నీ పనినీ ముందుగానే ముడివేసుకోవడం ఆ పద్ధతి. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను క్రోడీకరించి, లక్ష్యాలు చేరుకోవడంలో ఈ ముడి ప్రభావం మధ్యస్థ స్థాయికి తక్కువ కాకుండా ఉందని చూపారు. నేను రాసుకున్న వాక్యం ఇది: “ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, నోరు విప్పే ముందు పుస్తకం బయటికి తీస్తాను.” పుస్తకం తీసి, కలం మూత విప్పి, తేదీ వేసేసరికి నాలుగైదు సెకన్లు గడుస్తాయి. ఆ నాలుగైదు సెకన్లలోనే, ఇది నేను నిజంగా చేస్తానా, చేస్తే ఎప్పుడు చేస్తాను అనే ప్రశ్నలు మొదటిసారిగా నా బుర్రలోకి రావడం మొదలుపెట్టాయి.

కొందరు నవ్వారు. నేను పుస్తకం తీయడం చూసి, “అబ్బే, రాసుకునేంత పని కాదులెండి, నేనే చూసుకుంటాను” అని తమ కోరికను అక్కడికక్కడే వెనక్కి తీసుకున్న సహోద్యోగులూ ఉన్నారు. అడిగేవారు కూడా ఆలోచించకుండా అడుగుతారని నాకు అప్పుడే తెలిసింది.

రాసుకోవడంతో మరుపు తగ్గింది కానీ ఆలస్యం తగ్గలేదు. “రేపటికల్లా పంపుతాను” అని రాసుకున్నవి మూడో రోజుకో నాలుగో రోజుకో వెళ్లేవి. ఇది నా ఒక్కడి బలహీనతేనని చాలాకాలం నమ్మాను. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో ప్రచురించిన పరిశోధన చదివాక కాస్త ధైర్యం, మరికాస్త దిగులు కలిగాయి. పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగితే వారి అంచనాల సగటు 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే 48.6 రోజులు. నిజంగా పట్టినవి 55.5 రోజులు. అన్నిటికంటే నిరాశాజనకంగా వేసిన అంచనా కూడా వాస్తవాన్ని అందుకోలేదన్నమాట. మనం పనిని ఊహించుకునేటప్పుడు దాని దారిని మాత్రమే ఊహించుకుంటాం. మధ్యలో వచ్చే జ్వరం, పాడయ్యే కంప్యూటర్, ఇంట్లో అత్యవసరం ఆ ఊహలో ఉండవు. ఇంతకుముందు ఇలాంటి పనికి ఎన్నాళ్లు పట్టింది అనే ప్రశ్న వేసుకుంటే జవాబు చేదుగా ఉన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. నా నోటుపుస్తకం ఇక్కడ రెండోసారి అక్కరకొచ్చింది, ఎందుకంటే అందులో పాత పనుల తేదీలు ఉన్నాయి. వాటిని చూసి ఇప్పుడు నేను మనసుకు తోచిన రోజుల సంఖ్యను రెట్టింపు చేసి చెబుతాను. వినేవారి ముఖం కొంచెం చిన్నబోతుంది, నిజమే. గడువు దాటాక చిన్నబోయే ముఖం కంటే అది నయం.

అయినా కొన్ని తప్పుతాయి. వీటి కోసం పెట్టుకున్న అలవాటే నా సంబంధాలను అన్నిటికంటే ఎక్కువగా బాగుచేసిందని నా అభిప్రాయం. ప్రతి సాయంత్రం పుస్తకం తెరిచి, తీర్చలేనని తెలిసిపోయిన మాట ఏదైనా ఉంటే, గడువు రాకముందే ఆ మనిషికి చెప్పేస్తాను. ఇది వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం, ఎందుకంటే గడువు లోపల ఎక్కడో ఒకచోట అద్భుతం జరుగుతుందనే ఆశ మనల్ని ఫోన్ ముట్టుకోనివ్వదు. కానీ రెండు రోజుల ముందు “నావల్ల కావడం లేదు, క్షమించండి” అని చెబితే ఎదుటివారి చేతిలో రెండు రోజులు మిగులుతాయి. వారు ఇంకొకరిని అడగవచ్చు, తామే చేసుకోవచ్చు, లేదా పనినే మానుకోవచ్చు. ఆఖరి గంటలో చెబితే వారి చేతిలో మిగిలేది నా సంజాయిషీ ఒక్కటే. అక్క విషయంలో నేను చేసిన అసలు అపరాధం లేఖ దిద్దకపోవడం కాదేమో, వేరొకరిని అడిగే అవకాశం ఆమెకు లేకుండా చేయడమేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇవన్నీ ఎన్నాళ్లకు స్వభావంలో కలిశాయని అడిగితే తేదీ చెప్పలేను. అలవాటు 21 రోజుల్లో పడుతుందని ఎంతో ప్రచారంలో ఉంది. ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్, తన రోగులు మారిన రూపానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతుందని గమనించి 1960లో రాసిన మాటకు, చేతులు మారుతూ మారుతూ పట్టిన గతి అది. మధ్యలో ఎక్కడో “కనీసం” అనే ముక్క జారిపోయింది. ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ, పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. వారు పరిశీలించింది 84 రోజులే కనుక ఆ పెద్ద సంఖ్య, ఆ రోజుల్లో కనిపించిన ధోరణిని ముందుకు పొడిగించి వేసిన అంచనా అని గుర్తుంచుకోవాలి. ఆ అధ్యయనంలో నాకు ప్రాణం పోసిన విషయం వేరే ఉంది. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదట.

అలవాట్ల గురించి 1890లోనే ఎంతో సూక్ష్మంగా రాసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ దీనికి విరుద్ధంగా, కొత్త అలవాటు వేళ్లూనుకునే దాకా ఒక్క మినహాయింపు కూడా ఇవ్వవద్దన్నాడు. మహానుభావుడే కానీ, ఈ ఒక్క సలహా నాలాంటి ఆరంభశూరులకు ప్రమాదకరం. ఒక రోజు తప్పితే మొత్తం పాడైపోయిందనుకుని, అదే సాకుగా మొత్తం వదిలేసే రకం మేము. నోటుపుస్తకం మొదలుపెట్టిన రెండో నెలలో, ప్రయాణంలో ఉండి నాలుగు రోజులు అందులో ఒక్క అక్షరం రాయలేదు. అయిదో రోజు ఆ ఖాళీ పుటల తరువాతి పుటలో తేదీ వేసి మొదలుపెట్టినందువల్లే ఇది ఇంకా నడుస్తోంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలను ఎంచుకుని, వారానికి ఒక్కదాని మీదే దృష్టి నిలుపుతూ, ప్రతి రాత్రి తప్పిన చోట చిన్న చుక్క పెట్టుకునేవాడు. వాటిలో తనను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించింది క్రమపద్ధతేనని ముసలితనంలో ఒప్పుకున్నాడు. ఆయన పుస్తకం నిండా చుక్కలే ఉన్నాయన్న విషయం నాకు గొప్ప ఓదార్పు.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఇంట్లో కూడా నా పేరు మారుమోగిపోయిందనుకోవద్దు. నోటుపుస్తకం పని చేస్తున్నదన్న ఉత్సాహంలో నేను ఒక మెట్టు పైకెక్కి, “సాయంత్రం ఆమెతో అరగంట మాట్లాడాలి” అని నా భార్య గురించి కూడా రాసుకోవడం మొదలుపెట్టాను. మాట్లాడాక దాని పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. ఒక రోజు ఆ పుస్తకం బల్ల మీద తెరిచి ఉండగా ఆమె చూసింది. “మీ పుస్తకంలో నేను కూడా ఒక పద్దునేనా?” అంది. నేను సమర్థించుకోబోయాను. మరచిపోకుండా ఉండడానికే కదా రాసుకున్నది అన్నాను. “మీరు ఆ అరగంటా మాట్లాడారు, నిజమే. ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు మాట్లాడారు” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ పూర్తిగా లేదు. మాట నిలబెట్టుకోవడానికి పనికొచ్చే పద్ధతి మనిషి పక్కన కూర్చోవడానికి పనికిరాదని మాత్రం అర్థమైంది. ఇచ్చిన మాటకు మొదలూ చివరా ఉంటాయి. మనిషి మన నుంచి కోరేదానికి తరచుగా రూపమే ఉండదు. చదువుతున్నదాంట్లోంచి ఒక వాక్యం పైకి చదువుతారు, ఊరికే నిట్టూరుస్తారు, ఆఫీసులో జరిగిన చిన్న తమాషా చెబుతారు. మనం తలెత్తుతామా లేదా అన్నదే అక్కడ విషయం. దాంపత్య సంబంధాల మీద పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ ఇలాంటి చిన్న పిలుపులనే ఏళ్ల తరబడి పరిశీలించాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇల్లులా అమర్చిన ప్రయోగశాలలో కొత్త దంపతులను గమనించి, ఆరేళ్ల తరువాత మళ్లీ వాకబు చేసినప్పుడు, అప్పటికీ కలిసి ఉన్నవారు ఆ రోజుల్లో ఒకరి పిలుపుకు ఒకరు 86 శాతం సార్లు స్పందించినవారని, విడిపోయినవారు 33 శాతం సార్లు మాత్రమే స్పందించినవారని ఆయన నివేదించాడు. స్పందించినందువల్ల కలిసి ఉన్నారా, కలిసి ఉండాలన్న ప్రేమ ఉన్నందువల్ల స్పందించారా అన్నది ఈ అంకెలు తేల్చలేవు. తేల్చకపోయినా, నా శాతం ఎంతై ఉంటుందో ఊహించుకుని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తలెత్తడం అనేది సంకల్పంతో వచ్చేదైతే ఎప్పుడో వచ్చి ఉండేది. నా కష్టం అక్కడ కాదు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు మాత్రమే వచ్చేది. సగంలో వదిలిన నివేదిక, జవాబు రాయని ఈమెయిల్ వెంట వచ్చి ఆమెకూ నాకూ మధ్య కూర్చునేవి. సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో ఇదే చెప్పింది. ఒక పని ముగించకుండా మరో పనిలోకి మళ్లితే ధ్యాసలో కొంత భాగం పాత పనినే అంటిపెట్టుకుని ఉండిపోతుంది, ఆ మేరకు కొత్త పని దెబ్బతింటుంది. 2018లో ఆమె, థెరిసా గ్లాంబ్ కలిసి దీనికి సులువైన ఉపాయం ఒకటి పరీక్షించారు. పనిని వదిలే ముందు, ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక ముందుగా ఏం చేయాలో క్లుప్తంగా రాసిపెట్టుకుంటే ఆ అంటు తగ్గుతుంది. ఆఫీసు నుంచి బయలుదేరే ముందు నేను ఇప్పుడు రెండు నిమిషాలు ఇందుకే కేటాయిస్తాను. “మూడో భాగం దాకా అయింది, రేపు పట్టికతో మొదలుపెట్టాలి” లాంటి రెండు ముక్కలు చాలు. నేను సమర్థత కోసం నేర్చుకున్న వాటన్నిటిలో ఇంట్లో మనిషికి నేరుగా మేలు చేసింది ఈ రెండు నిమిషాలే. వాటి తరువాత పుస్తకాన్ని సంచిలో వేస్తాను, ఫోన్‌ను వేరే గదిలో పెడతాను. ఆమె గురించి ఏదీ రాయడం లేదు, టిక్కులూ లేవు. తలెత్తడం మరచిపోయిన రోజులు ఇప్పటికీ ఉంటాయి; ఆమె వాటిని లెక్కపెట్టకపోవడం ఆమె మంచితనం.

కాదనడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పినవన్నీ చివరకు అక్కడికే దారితీశాయి. తక్కువ మాటలు ఇస్తేనే ఇచ్చినవి నిలబడతాయి కనుక కొందరికి “ఈ నెల నావల్ల కాదు” అని చెప్పక తప్పలేదు. దీనివల్ల గౌరవమే పెరుగుతుందని చెప్పేవారు ఉన్నారు. నా అనుభవం అంత తియ్యగా లేదు. చిన్ననాటి స్నేహితుడొకడు నేను మారిపోయానని ఇంకొకరితో అన్నాడట, ఫోన్లు తగ్గించాడు. అతని మీద నాకు కోపం లేదు. ఇరవై ఏళ్లుగా ప్రతిదానికీ సరేనన్నది నేనే. అందులో ఎన్ని జరిగాయో అతనూ చూడలేదు, నేనూ చెప్పలేదు. అతనితో ఈ సంగతి విడమరచి మాట్లాడాలని ఉంది.

అక్క పోయిన నెల మళ్లీ ఒక లేఖ పంపింది. చూడమని అడగలేదు, “నీకు ఎప్పటికి వీలవుతుందో చెప్పు, కాదంటే ఇంకొకరు ఉన్నారు” అని రాసింది. ఆ రెండో ముక్క చదివినప్పుడు కొంచెం చివుక్కుమన్న మాట నిజం. పుస్తకం తీసి, పాత తేదీలు చూసి, ఆరు రోజులు అడిగాను. అయిదో రోజున పంపాను. ఆమె “అందింది” అని ఒక్క ముక్క జవాబు రాసింది. ఇవాళ్టి పుటలో రెండు మాటలు మిగిలి ఉన్నాయి. ఒకదానికి ఎల్లుండి దాకా సమయం ఉంది. రెండోది రేపటికి అయ్యే సూచన లేదు, ఆ సంగతి వారికి ఇంకా చెప్పలేదు. పొద్దుపోకముందే ఆ ఫోన్ చేయాలి.